రాత్రి బడికి తోడుగా ఫోన్: పెద్దలకు మొదటి అక్షరం నుంచి ఓపెన్ టెన్త్ దాకా

ఊళ్లో పదిహేను మంది పెద్దవాళ్లకు చదవడం, రాయడం, లెక్క నేర్పాలనుకునే వారి కోసం ఈ మార్గదర్శి. పొదుపు సంఘం లీడరు, వీవోఏ (గ్రామంలోని పొదుపు సంఘాల సహాయకురాలు), అంగన్‌వాడీ టీచరు, డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఖాళీగా ఉండే యువతీ యువకులు, ఎవరైనా ఈ పని చేయవచ్చు. కంప్యూటర్ పరిజ్ఞానం అక్కర్లేదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపడం వస్తే చాలు.

2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం, ఆడవాళ్లలో 59 శాతం. రాత్రి బడులు పెట్టకపోవడం వల్ల ఈ లోటు మిగిలిపోలేదు. పెట్టిన బడులు నిలవలేదు. నాట్లు వస్తే సగం మంది రారు, పత్తి ఏరే రోజుల్లో మిగతా సగం రారు. ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిర్చి కోతలకు గుంటూరు వెళ్లిపోతాయి. పాలమూరు నుంచి హైదరాబాద్ కట్టడాల దగ్గరికి వలస పోతారు. రెండు నెలల తర్వాత తిరిగొచ్చేసరికి నేర్చుకున్న అక్షరాలు సగం చెరిగిపోయి ఉంటాయి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి మొహమాటం అడ్డొస్తుంది.

ఫోన్ తీర్చగలిగేది సరిగ్గా ఈ లోటునే. పాఠం మనిషితో పాటు వలస పోతుంది. అయితే వేళ్లు పట్టుకుని పలక మీద దిద్దించడం దాని వల్ల కాదు. 2000లో మెదక్ జిల్లా బీరంగూడలో టాటా కన్సల్టెన్సీ (టీసీఎస్) వాళ్లు, ఆ సంస్థ మొదటి అధిపతి ఎఫ్.సి. కోహ్లీ చొరవతో, కంప్యూటర్ తెర మీద బొమ్మలు, మాటలతో తెలుగు చదవడం నేర్పారు. మామూలుగా 200 గంటలు పట్టే చోట సుమారు 40 గంటలకే చదవడం వచ్చింది. కానీ ఆ పద్ధతి చదవడం మీదే దృష్టి పెట్టింది, రాయడం మీద కాదు. తెర చూస్తే చదవడం త్వరగా వస్తుంది, రాయడం మాత్రం చేతితో రాస్తేనే వస్తుంది. అందుకని ఇక్కడ చెప్పే పద్ధతిలో కొత్త అక్షరం ఎప్పుడూ మనుషులు కలిసి కూర్చున్న చోటే నేర్పాలి. ఫోన్‌లో జరగాల్సింది నేర్పినదాన్ని మరిచిపోకుండా చేసే సాధన మాత్రమే.

మొదటి పని: ఎవరికి చదువు రాదో, ఎవరి చేతిలో ఏ ఫోన్ ఉందో తెలుసుకోవడం

"మీకు చదువొచ్చా?" అని అడగకండి. సంతకం వచ్చిన ప్రతి ఒక్కరూ వచ్చనే అంటారు. కరెంటు బిల్లు చేతికిచ్చి ఈ నెల ఎన్ని యూనిట్లు కాలాయో చూడమనండి. ఒక చీటీ మీద 'పలక', 'మంచి నీరు', 'అమ్మమ్మ' అని పెద్దగా రాసి చూపండి. మొదటి మాట చదవగలిగి రెండోది రాకపోతే గుణింతాల దగ్గర ఆగిపోయారని అర్థం. రెండోది వచ్చి మూడోది రాకపోతే ఒత్తుల దగ్గర ఆగిపోయారు. ఈ మూడు రకాల వాళ్లనూ ఒకే పాఠంతో మొదలుపెడితే కొంతమందికి విసుగు, కొంతమందికి భయం.

ఫోన్ గురించి ఐదు విషయాలు రాసుకోండి. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా, అది ఎవరిది, రాత్రి ఎనిమిదింటికి ఇంట్లోనే ఉంటుందా, రీచార్జి ఎవరు చేయిస్తారు, నేర్చుకునే మనిషికి సొంతంగా కనీసం మీటల ఫోన్ ఉందా. వీటిలో రెండోది, మూడోది చాలా ముఖ్యం. ఇంట్లో ఫోన్ ఉన్నా అది కొడుకు జేబులో ఉంటే తల్లికి లేనట్టే. అలాంటి ఇంటిని 'స్మార్ట్‌ఫోన్ ఉంది' అని రాసుకుంటే మీ ప్రణాళిక మొత్తం తప్పుతుంది.

ఆపైన కళ్లు. నలభై దాటిన వాళ్లలో చాలామందికి దగ్గరి చూపు తగ్గుతుంది. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తే "నా బుర్రకు ఎక్కడం లేదు" అనుకుని మానేస్తారు తప్ప కళ్లజోడు సంగతి తలచుకోరు. సూదిలో దారం ఎక్కించమని అడగండి. చేయి దూరంగా చాపి ప్రయత్నిస్తుంటే ముందు కంటి పరీక్షకు పంపండి. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో ఇచ్చిన దగ్గరి చూపు అద్దాలు చాలా ఇళ్లలో గూట్లో పడి ఉన్నాయి. వాటిని బయటికి తీయించండి. బడి మొదలయ్యే ముందు చేయాల్సిన పనుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చేది ఇంకొకటి లేదు.

సామాను

పదిహేను మందికి కావలసినవి: పలకలు 15, బలపాల పెట్టెలు 2, నల్లబల్ల లేదా గోడకు రాసిన నల్లరంగు, గీతల నోటుపుస్తకాలు మనిషికి రెండు, ఒక బ్లూటూత్ స్పీకరు (5 నుంచి 10 వాట్లది సరిపోతుంది), కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికి ఒక చార్జింగ్ లైటు, ఒక పవర్ బ్యాంకు. మీటల ఫోన్లు ఉన్న వాళ్ల కోసం 4 లేదా 8 జీబీ మెమరీ కార్డులు.

ప్రొజెక్టర్ కొనకండి. పదిహేను మందికి దాని అవసరం రాదు, దాన్ని భద్రపరచడమే ఒక పని అవుతుంది. ట్యాబ్‌లు ఎవరైనా విరాళంగా ఇస్తామంటే తీసుకోండి కానీ వాటి మీద బడి నడపకండి. బడి అయిపోయాక కూడా వాళ్ల దగ్గర ఉండేది వాళ్ల ఫోనే. నేర్పాల్సింది దాని మీదే.

కాలం లెక్క

చదవడం, రాయడం, లెక్క గట్టిగా రావాలంటే 200 గంటలు పెట్టుకోవడం మన దేశంలో చాలాకాలంగా ఉన్న కొలత. వారానికి మూడు రాత్రులు గంటన్నర చొప్పున కలిస్తే నాలుగున్నర గంటలు. మిగతా నాలుగు రోజులు రోజుకు ఇరవై రెండు నిమిషాల ఫోన్ సాధన అంటే ఇంచుమించు మరో గంటన్నర. వారానికి 6 గంటల లెక్కన 33 వారాలు. సెప్టెంబరులో, నాట్ల హడావిడి తగ్గాక మొదలుపెడితే ఏప్రిల్ చివరికి పూర్తవుతుంది. మధ్యలో పత్తి, మిర్చి పనులు ముమ్మరంగా ఉండే నెలల్లో రాత్రి బడిని వారానికి ఒక్కరోజుకు తగ్గించి, ఫోన్ సాధన పెంచాలి. ఆ నెలల్లో కొత్త అక్షరాలు వద్దు, పాతవే తిరగేయించండి. ఈ సంగతి మొదటి రోజే అందరికీ చెప్పేయాలి. "పనుల కాలంలో రాకపోయినా పేరు తీసేయం, ఫోన్‌లో పాఠం వస్తుంది" అన్న మాట ముందే వినకపోతే, రెండు వారాలు రాని మనిషి సిగ్గుపడి ఇక రారు.

అక్షరాల వరస

అ ఆ ఇ ఈ నుంచి ఱ దాకా వరసగా చెప్పడం పిల్లలకు పద్ధతేమో గానీ పెద్దలకు కాదు. నెల తిరిగినా ఒక్క మాట చదవలేకపోతే వాళ్లకు ఓపిక చచ్చిపోతుంది. మొదటి రాత్రే కనీసం మూడు మాటలు చదివి ఇంటికి వెళ్లాలి.

మొదటి రాత్రి నాలుగే అక్షరాలు: ప, ల, క, త. వీటితో పలక, కలప, తల, కల, 'తలకల' వంటి సరదా కూర్పులు కూడా చదివించవచ్చు. రెండో రాత్రి వ, ర, న, డ. ఇప్పుడు వల, నడక, పడవ, వర, కడప. తర్వాత స, గ, ద, మ, ట, చ. వీటికి సున్నా కలిపితే సంత, పంట, వంట, గంట, మంద, కంచం వైపు దారి తెరుచుకుంటుంది. ఈ పద్నాలుగు అక్షరాలూ సున్నా బాగా నిలవడానికి ఐదు వారాలు ఇవ్వండి.

తర్వాత గుణింతాలు. దీర్ఘం, గుడి, కొమ్ము ముందు. ఎత్వం, ఒత్వం తర్వాత. ఇక్కడ తలకట్టు గురించి విడిగా చెప్పకపోతే చాలామంది తప్పిపోతారు. 'క' మీద ఉన్న తలకట్టు 'కి'లో కనపడదు, 'కా'లో కనపడదు, 'కె'లో కనపడదు, కానీ 'కు'లో అలాగే ఉంటుంది. గుడి, దీర్ఘం, ఎత్వం, ఒత్వం తలకట్టు ఉన్న చోటే కూర్చుంటాయి కాబట్టి అది తప్పుకుంటుంది. కొమ్ముకు వేరే చోటుంది కాబట్టి తలకట్టు ఉండిపోతుంది. "తలపాగా తీసి టోపీ పెట్టుకున్నట్టు" అంటే వెంటనే పట్టుకుంటారు. ల, ట, జ, బ, ణ లాంటి వాటికి అసలు తలకట్టే ఉండదని కూడా అప్పుడే చూపండి. ఇంకొకటి, 'వ'కు కొమ్ము పక్కన రాస్తే అది 'మ' అయిపోతుంది. అందుకే 'వు'లో కొమ్ము కిందినుంచి వస్తుంది. ఈ కారణం చెబితే మ, వు ఎప్పటికీ తారుమారు కావు.

ఒత్తుల్లో ముందు సొంత ఒత్తులు: అమ్మ, అక్క, అన్న, అప్పు, పెళ్లి, బియ్యం. రోజూ నోట్లో నానే మాటలు కాబట్టి పలకడం తెలుసు, రాత ఒక్కటే కొత్త. ఆపైన వేరే అక్షరాల ఒత్తులు: బస్తా, ఆస్తి, గ్రామం, పత్రం, సంతకం పక్కన రాసే 'భర్త', 'భార్య'. ఋ, ఙ, ఞ లాంటివి చివర ఒక్క రాత్రి చూపిస్తే చాలు.

పాఠంలోని మాటలు వాళ్ల బతుకులోంచి రావాలి. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచిన రోజుల్లో, 1990ల మొదట్లో, రాత్రి బడుల్లో సారా గురించి మొదలైన చర్చ దూబగుంటలో దుకాణం మూయించడం దాకా వెళ్లింది. అక్కడి నుంచి సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. అక్షరం వెనక మాట్లాడుకోవలసిన విషయం ఉన్నప్పుడే పెద్దలు బడికి వస్తారు. 'అప్పు' అన్న మాట నేర్పిన రాత్రి పది నిమిషాలు వడ్డీ గురించి మాట్లాడనివ్వండి. పాఠం వెనకబడదు.

ఆడియో పాఠం తయారు చేయడం

చదవడం రాని మనిషికి రాతలో సూచనలు పంపడం కంటే పెద్ద పొరపాటు లేదు. కానీ చాలా గ్రూపుల్లో జరిగేది అదే. మొదటి నాలుగు నెలలు గ్రూపులో మీరు చెప్పే ప్రతిదీ వాయిస్‌లోనే ఉండాలి. రాత కనపడాల్సింది ఒక్క చోటే, చదవాల్సిన మాటలున్న ఫొటోలో.

ఒక పాఠం అంటే ఒక ఫొటో, ఒక వాయిస్. ఫొటోలో నల్లబల్ల మీద సుద్దముక్కతో పెద్దగా రాసిన ఆరు మాటలు, రెండు వరసల్లో, పక్కన 1 నుంచి 6 అంకెలు. ఫోన్ నిలువుగా పట్టుకుని తీయండి. అడ్డంగా తీసిన ఫొటో చిన్న తెర మీద ఇంకా చిన్నదైపోతుంది. కంప్యూటర్ ఫాంటులో టైపు చేసి పంపాలంటే ఒత్తులు విడివిడిగా కనిపించేంత పెద్ద సైజు పెట్టండి. మన లిపిలో ఒత్తు అక్షరం కింద ఇరుక్కుని ఉంటుంది కాబట్టి సైజు తగ్గగానే ముందు అలుక్కుపోయేది అదే.

వాయిస్ మూడు నిమిషాలు దాటకూడదు. లోపల ఇలా ఉండాలి: మొదట పది సెకన్లు "ఇది పన్నెండో పాఠం, పలక దగ్గర పెట్టుకోండి" అని. తర్వాత ఒక్కో అంకె చెప్పి ఐదు సెకన్లు ఆగడం, వినేవాళ్లు చదివే సమయం అది. ఆపైన మీరు చదవడం. ఆరు మాటలు అయ్యాక ఫొటో చూడకుండా రాయాల్సిన రెండు మాటలు చెప్పి, ఒక్కోదానికి ఇరవై సెకన్లు మౌనం. చివర ఒక ప్రశ్న, జవాబు మాటల్లో పంపమని. ఆ ఐదు సెకన్ల మౌనమే పాఠానికి ప్రాణం. రికార్డు చేసేవాళ్లకు అది యుగంలా అనిపించి తొందరపడతారు. అప్పుడు వినేవాళ్లు చదవడం మానేసి మీ గొంతును అనుకరిస్తారు, పాఠాలు కంఠస్థం అవుతాయి కానీ చదవడం రాదు. వేళ్ల మీద ఐదు లెక్కపెట్టుకుంటూ రికార్డు చేయండి.

ఫ్యాను ఆపి, కిటికీ మూసి, బట్టలు ఆరేసిన గదిలోనో పరుపులున్న గదిలోనో రికార్డు చేస్తే గొంతు ప్రతిధ్వనించదు. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా పెట్టుకోండి. ఎదురుగా పెట్టుకుంటే ప, ఫ, భ పలికినప్పుడు గాలి కొట్టి పటపటమంటుంది. మీ యాస మార్చుకోకండి. ఆ ఊరి మాటతో చెప్పినదే ఆ ఊరి వాళ్ల చెవికి త్వరగా అందుతుంది.

మూడు నిమిషాల వాయిస్ అర ఎంబీకి అటూ ఇటూగా ఉంటుంది. అదే పాఠం వీడియోగా పంపితే పది, ఇరవై రెట్లు పైనే. నెట్ సరిగా అందని ఊళ్లో వీడియో సగం తిరిగి ఆగిపోతుంది, ఫోన్‌లో చోటూ నిండుతుంది. అక్షరం రాసే తీరు చూపడానికి తప్ప వీడియో వద్దు. అది కూడా ముప్పై సెకన్లే, చేయి మాత్రమే కనపడేలా.

వాట్సాప్ గ్రూపు పెట్టే ముందు

గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ కనపడుతుంది. ఆడవాళ్లు, మగవాళ్లు ఉన్న బడిలో దీనివల్లే గొడవలు మొదలవుతాయి. ఒక్క అనవసరపు ఫోన్ వచ్చిందంటే ఆ ఇంటి నుంచి ఆమె చదువు ఆగిపోతుంది. కాబట్టి ఆడవాళ్లకు వేరే గ్రూపు పెట్టి, ఆడమనిషినే అడ్మిన్‌గా ఉంచండి. లేదంటే బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. అందులో ఎవరి నంబరు ఎవరికీ తెలియదు, 256 మంది దాకా చేర్చవచ్చు. ఒక్క షరతుంది, వాళ్ల ఫోన్‌లో మీ నంబరు సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. "పాఠం రాలేదు" అని ఎవరైనా అంటే ముందు చూడాల్సింది ఇదే.

గ్రూపు అయితే రెండు పెట్టండి. ఒకటి పాఠాలది, అందులో అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగు మార్చాలి. ఇంకోటి జవాబులది. ఒక్కటే ఉంటే శుభోదయాలు, దేవుళ్ల ఫొటోలు, ఫార్వర్డుల కింద పాఠం పూడిపోతుంది. చదవడం రాని మనిషి పైకి జరుపుకుంటూ పాఠాన్ని వెతుక్కోలేరు. పాఠాల గ్రూపుకు పలక బొమ్మ, జవాబులదానికి చెయ్యెత్తిన బొమ్మ పెట్టండి. పేరు చదవలేని వాళ్లు బొమ్మను బట్టే గుర్తుపడతారు. రెండింటినీ తెర పైభాగాన పిన్ చేసి ఇవ్వండి. మాయమయ్యే మెసేజీల సెట్టింగు ఆపేసి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే వలస వెళ్లిన వాళ్లు తెరిచేసరికి పాఠం ఉండదు.

ప్రతి ఫోన్‌నూ ఒక్కసారి చేతిలోకి తీసుకుని చేయాల్సినవి మూడు: అక్షరాల సైజు పెంచడం, వాట్సాప్‌లో వీడియోలు వాటంతట అవే దిగకుండా ఆపడం, కీబోర్డులో తెలుగు చేర్చడం. ఫోన్ భాషను మాత్రం మొదటి రెండు మూడు నెలలు మార్చకండి. అలవాటైన గుర్తుల పక్కన ఉన్న రాత మారితే అయోమయపడతారు. గుణింతాలు పూర్తయ్యాక, వాళ్లే అడిగినప్పుడు తెలుగులోకి మార్చండి. ఆ రోజు నుంచి ఫోనే ఒక వాచకం అవుతుంది.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు

వీళ్లను వదిలేస్తే బడి ఉన్నవాళ్లదే అవుతుంది. మీటల ఫోన్లలో చాలావాటికి మెమరీ కార్డు పడుతుంది. పాఠాల వాయిస్‌లను ఎంపీ3గా మార్చి కార్డులో వేసివ్వండి. వాట్సాప్ నుంచి దిగిన వాయిస్ ఫైలు ఆ ఫోన్లలో నేరుగా మోగదు, మార్చకుండా వేస్తే కార్డు ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఫైలు పేర్లు 001, 002, 003 అని అంకెల్లోనే పెట్టండి. ఫోన్ వాటిని వరసలో చూపిస్తుంది, చదవడం రానివాళ్లు కూడా అంకెను బట్టి పాఠం పట్టుకుంటారు. ఫొటోలకు బదులు అవే మాటలు నోటుపుస్తకంలో అదే అంకెతో రాసివ్వాలి. వారానికోసారి నలుగురైదుగురిని కాన్ఫరెన్స్ కాల్‌లో కలిపి పావుగంట చదివించండి. అంతకంటే ఎక్కువ మంది ఉంటే ఎవరి గొంతు ఎవరిదో తెలియదు.

వారం నడిచే తీరు

సోమ, బుధ, శుక్రవారాలు రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా బడి. మొదటి పదిహేను నిమిషాలు ఫోన్ పాఠాన్ని స్పీకరులో పెట్టి అందరూ కలిసి చేయాలి, ఇంట్లో చేయనివాళ్లూ ఇక్కడ అందుకుంటారు. తర్వాత అరగంట కొత్త అక్షరాలు, పావుగంట చర్చ, చివరి అరగంట లెక్కలు. మంగళ, గురు, శని, ఆదివారాలు ఫోన్ సాధన. పాఠం ఏ వేళకు పంపాలో వాళ్లనే అడగండి. చాలా ఊళ్లలో వంట అయి, పిల్లలు తిని, సీరియల్ మొదలుకాక ముందు ఒక అరగంట దొరుకుతుంది. రోజూ అదే వేళకు వస్తే చెవి దానికోసం ఎదురుచూస్తుంది.

జవాబుగా రెండే అడగండి: చదివిన వాయిస్, రాసిన పలక ఫొటో. ప్రతి ఒక్కరికీ పేరు పెట్టి వాయిస్‌లో బదులివ్వండి, పది సెకన్లు చాలు. "లక్ష్మక్కా, మూడో మాట చాలా బాగా రాశావు, ఐదోదాంట్లో గుడి మరిచావు, మళ్లీ ఒక్కసారి పంపు." తప్పు మాత్రం అందరి ముందూ చెప్పకండి, విడిగా పంపండి. యాభై ఏళ్ల మనిషికి పదిమందిలో తప్పు చెప్పించుకోవడం మనవరాలి ముందు తల దించుకోవడంతో సమానం.

లెక్కలు

పెద్దలకు లెక్క వచ్చు, రాయడం రాదు, అంతే. కూరగాయలు అమ్మే ఆమె నోటితో చేసే లెక్క చెప్పేవాళ్ల కంటే వేగంగా ఉంటుంది. అందుకని కూడికలతో మొదలుపెట్టకండి. ఫోన్ మీటల మీది అంకెలతో మొదలుపెట్టండి, వాటిలో చాలావరకు ఇప్పటికే గుర్తుపడతారు. సొంత ఫోన్ నంబరు రాయడం మొదటి పాఠం. ఆ తర్వాత స్థానాలు. ఇక్కడ వచ్చే తప్పు ఒక్కటే ఉంటుంది, నూట ఐదును 1005 అని రాస్తారు, ఎందుకంటే నూరు, ఐదు అని రెండు ముక్కలుగా వింటారు. వంద, పది, రూపాయి నోట్లను మూడు గళ్లలో పెట్టించండి. పదుల గడి ఖాళీగా ఉంది కాబట్టి అక్కడ సున్నా అని కళ్లతో చూస్తే మళ్లీ తప్పరు.

సంఘం పొదుపు పుస్తకం, ఉపాధి హామీ కూలి లెక్క, కరెంటు బిల్లు, బస్సు టికెట్టు, ఇవే లెక్కల పుస్తకాలు. నెలకు వందకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం అన్న సంగతి బ్యాంకు వడ్డీ పక్కన పెట్టి రాయించిన రాత్రి బడి ఆలస్యంగా ముగుస్తుంది, ముగియనివ్వండి.

డబ్బు పంపడం నేర్పే ముందు మోసాల పాఠం చెప్పాలి, తర్వాత కాదు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ లేదు. పిన్ అడిగిందంటే మన డబ్బు పోతోందని అర్థం. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఈ మూడింటినీ ప్రతి నెలా ఒక వాయిస్ పాఠంగా మళ్లీ పంపండి.

మాటతో టైపు చేయడం

కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే ఫోనే రాసేస్తుంది. గుణింతాలు వచ్చాక ఇది మంచి చదివే సాధన: తాను అన్న మాటే అక్షరాల్లో కనపడుతుంది కాబట్టి ఏం రాసి ఉందో ముందే తెలుసు, గుర్తుపట్టడమే పని. ఫోన్ తప్పు రాసినప్పుడు దాన్ని పట్టుకోమనండి, అది ఇంకా మంచి సాధన. కానీ మూడో నెలకు ముందే అలవాటు చేస్తే "ఫోనే రాస్తుందిగా" అని పలక పక్కన పెట్టేస్తారు. పరీక్షలో ఫోన్ ఉండదు.

మానేసేది ఎప్పుడు, ఎందుకు

మూడో వారం నుంచి ఆరో వారం దాకా ఎక్కువమంది జారిపోతారు. అప్పటికి కొత్తదనం తీరుతుంది, చదవడం ఇంకా రాదు. ఆ రోజుల్లో వాళ్ల పేరు, ఇంటిపేరు, ఊరి పేరు రాయించేయండి, వరసలో ఆ అక్షరాలు ఇంకా రాకపోయినా సరే. ఊరి బస్సు బోర్డు ఫొటో పంపి ఏ అక్షరాలు తెలుసో చెప్పమనండి.

వరసగా మూడు రోజులు జవాబు రాకపోతే ఇంటికి వెళ్లండి. ఫోన్ చేసి అడిగితే "పనుంది" అంటారు. గుమ్మం దగ్గర నిలబడితే అసలు సంగతి తెలుస్తుంది: రీచార్జి అయిపోయింది, మనవడు ఆటల కోసం ఫోన్ తీసుకున్నాడు, మెమరీ నిండి పాఠం దిగడం లేదు, లేదా అత్తగారు ఏదో అన్నారు. మొదటి మూడూ ఐదు నిమిషాల్లో తీరేవి. మనవడికి కోప్పడకండి, రోజూ పాఠం తెరిచి పెట్టే పని వాడికే అప్పగించండి. నాలుగోదానికి ఆ అత్తగారిని కూడా ఒక రాత్రి బడికి పిలవాలి.

పరీక్ష, పత్రం

కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి 2027 దాకా నడుపుతున్న నవ భారత సాక్షరతా కార్యక్రమానికే ఉల్లాస్ అని పేరు. 15 ఏళ్లు దాటిన, చదవడం రాని వారెవరైనా ఇందులో నమోదు కావచ్చు, చెప్పేవాళ్లు కూడా నమోదు కావచ్చు. ఉల్లాస్ యాప్‌లో పేరు చేర్చి, నేర్చుకునేవాళ్లను చెప్పేవాళ్లతో జత చేయాలి. స్థానిక పాఠశాల ప్రధానోపాధ్యాయుల్ని కలిస్తే ఈ పని సులువవుతుంది. పరీక్ష 150 మార్కులకు, చదవడం, రాయడం, లెక్క ఒక్కోదానికి 50. నెగ్గినవాళ్లకు ధ్రువపత్రం ఇస్తారు. నమోదప్పుడు ఆధార్‌లో ఉన్న పేరునే రాయండి. ఇంట్లో పిలిచే పేరు రాసి, తర్వాత పత్రం మీద దిద్దించుకోలేక తిరిగేవాళ్లు ఉన్నారు.

పరీక్షకు ముందు నెలలో మూడుసార్లు కాగితం మీద మాదిరి పరీక్ష పెట్టండి. పలకకు అలవాటైన చేతికి పెన్ను జారుతుంది, గీతల మధ్య అక్షరం ఇమడదు.

తర్వాత ఓపెన్ స్కూలు

అక్షరాస్యతా పరీక్ష నెగ్గిన వెంటనే ఓపెన్ స్కూల్లో, అంటే రోజూ బడికి వెళ్లకుండా చదివి పరీక్ష రాసే పద్ధతిలో, టెన్త్‌కు కట్టించడం తొందరపాటు. కూడబలుక్కుని చదివే స్థాయి నుంచి సామాన్యశాస్త్రం పేజీ చదివే స్థాయికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఆ మధ్యకాలంలో రోజూ ఒక వార్త చదివి వాయిస్ పంపించుకోండి, బడిలో మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా పాఠ్యపుస్తకాలు తిప్పండి. జాతీయ సార్వత్రిక విద్యాపీఠం (ఎన్ఐఓఎస్) పెద్దల కోసం ఏ, బీ, సీ అని మూడు మెట్లు పెట్టింది, అవి మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఓపెన్ స్కూళ్లలో టెన్త్‌కు 14 ఏళ్లు నిండి ఉండాలి, పై వయసుకు హద్దు లేదు. ఒకసారి నమోదయ్యాక ఐదేళ్లలో సబ్జెక్టులు విడతలవారీగా రాసుకోవచ్చు. ఈ వెసులుబాటును వాడుకోండి: ఐదూ ఒకేసారి రాయించకండి. మొదటి విడతలో తెలుగు, సాంఘికం. రెండోదాంట్లో ఇంకో రెండు. అన్నిటికంటే ఎక్కువ సమయం కావాల్సినదాన్ని చివరికి ఉంచండి. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు "ఏది సులువు" అని కాక "మీకు దగ్గర్లో ఏది చెప్పేవాళ్లున్నారు" అని చూడండి. కాంటాక్టు క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో స్టడీ సెంటరులో జరుగుతాయి. సెంటరును ఫీజు చూసి కాదు, బస్సు చూసి ఎంచుకోవాలి, ఉదయం వెళ్లి సాయంత్రం పాలు పిండే వేళకు ఇంటికి చేరగలగాలి.

తెలంగాణలో ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్ పాఠాలు టీవీలోనూ యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి. గంట పాఠాన్ని ఉన్నదున్నట్టు పంపకండి, ఎవరూ చూడరు. ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా చూడాలో, చూశాక ఏ రెండు ప్రశ్నలకు జవాబు రాయాలో ఒక వాయిస్‌లో చెప్పండి. వైఫై ఉన్న చోట ముందే దింపి, బడిలో స్పీకరుతో చూపిస్తే డేటా ఖర్చు ఒక్క ఫోన్‌దే.

ఆపైన డిగ్రీ చదవాలనుకునే వాళ్లకు తెలంగాణలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైంది, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. అక్కడి దాకా వెళ్లేవాళ్లు పదిహేను మందిలో ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లకు దరఖాస్తు మీరు నింపకండి. పక్కన కూర్చుని, వాళ్ల చేతే, వాళ్ల ఫోన్‌లోనే నింపించండి.